తొమ్మిదికి కనబడనిది

వలలు బాగుచేసే కొట్టంలో, తారు వాసన మధ్య
హానుస్ గోడమీద సుద్దతో రాసుకున్నాడు దాన్ని.
రెండు వందల తొమ్మిది అంకెలు.
కిటికీ దగ్గర ఒక మడత, తలుపు దగ్గర ఇంకో మడత.

చివరి అంకె ఒకటి. రెండుకి లొంగదు, ఐదుకి లొంగదు.
అన్నీ కూడితే తొమ్మిది వందల నలభై నాలుగు,
కాబట్టి మూడుకీ లొంగదు.
చిన్న సంఖ్యలన్నీ తలుపు తట్టి తిరిగెళ్ళాయి.

"అయినా ఇది ప్రధాన సంఖ్య కాదు" అన్నాడు నాతో,
వల సూదికి దారం చుడుతూ.
మూడుని మూడుతో హెచ్చిస్తూ పోవాలట,
ఆ సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతం దాకా.
వర్గాల మీద దూకితే
ఏడు వందల చిల్లర దూకుళ్ళలో ఆవలి గట్టు.
ఆ సంఖ్యతోనే భాగిస్తే, ప్రధానమైతే
శేషం ఒకటి రావాలి.
రాలేదు.
నేరం రుజువైంది,
తోడుదొంగల పేర్లే తెలీవు.

నేను ఈ దీవి బడిలో లెక్కలు చెప్పేదాన్ని.
కారణం ఉందని తెలిసి
కారణాంకం తెలియకపోవడం
నాకు రాత్రుళ్ళు పంటికింద రాయిలా ఉండేది.
అతనికి ఉండేది కాదు.

చలికాలమంతా బల్లకింద పాత యంత్రం గురగురలాడింది.
దాని వెచ్చదనానికి పొరుగింటి పిల్లి కాపురం పెట్టింది.
హానుస్ వక్రరేఖలు విసిరేవాడు,
పొడుగు గాలపుతాడుకి కొక్కేల్లాగా, ఒక్కొక్కటే.
నాలుగు వేల పైచిలుకు.
నిన్నటి రేఖ ఇవాళ్టి రేఖకి ఏ కబురూ చెప్పదు.
చేప ఎక్కడ లేదో కూడా చెప్పదు.

మార్చిలో, మంచు కమ్మి ఫెర్రీ రాని రోజున
తగిలింది.
నలభై ఒక్క అంకెలు.
చేతిలో సూదితో అలాగే పరుగెత్తుకొచ్చాడు బడికి.

మిగిలింది నూట అరవై తొమ్మిది అంకెల ముక్క.
దానికీ అదే పరీక్ష పెడితే
మళ్ళీ ఒకటి రాలేదు.
"లోపల ఇంకా ఉన్నారన్నమాట" అన్నాడు,
ఎండుమాంసం పలచగా కోస్తూ.
కాసేపాగి,
"ఇదంతా యంత్రం మాట. మనిషెవరూ చూళ్ళేదు."

అందుకని తరగతికి పంచాను.
పద్నాలుగు మంది, నలభై ఒక్క వరసలు.
తలా మూడు. చివరి పిల్ల రన్సీనాకి రెండే, అలిగింది.
టైటుర్‌కి ఒక సున్న వరస పడింది,
నిమిషంలో ముగించి
కిటికీలోంచి గొర్రెల్ని లెక్కపెట్టాడు.

ఆ తర్వాత కూడిక. నాలుగు వేసి చేతిలో పద్దెనిమిది.
ఒకటి వేసి చేతిలో ఇరవై.
మూడు వారాలు, కాగితాలు నేలమీద అతికించుకుంటూ,
మేజోళ్ళతో నడుస్తూ.

తొమ్మిదులు తీసేసి సరిచూశాం.
చిన్న ముక్క ఐదు, పెద్ద ముక్క ఏడు,
ముప్ఫై ఐదు, అంటే ఎనిమిది.
మా జవాబు ఎనిమిది. గోడమీదిదీ ఎనిమిదే.
పిల్లలు చప్పట్లకి చేతులెత్తారు.

హానుస్ ఎత్తలేదు. ఒక చేత్తో మా కాగితం,
ఇంకో చేతి వేలు గోడమీద,
చిరిగిన వలకన్ను కోసం తడిమినట్టు.
నూట పన్నెండో చోట ఆగిపోయింది వేలు.
గోడమీద మూడు, ఎనిమిది.
కాగితంలో ఎనిమిది, మూడు.

అంకెలు చోటు మార్చుకుంటే తొమ్మిదికి కనబడదు.
మొత్తం మారదు కదా.

ఆ నిలువు వరసలు మళ్ళీ కూడాం. ఎనిమిది, మూడు.
మళ్ళీ. ఎనిమిది, మూడు.
రన్సీనా ఏడుపు ముఖంతో మూడోసారి కూడింది.

అతను వంగి బల్లకింది యంత్రాన్ని అడిగాడు.
అది చలికాలమంతా నమిలిన సంఖ్యలో
ఎనిమిది, ఆ తర్వాత మూడు.

లేచి, బొటనవేలు నాలుకకి తడిచేసుకుని
గోడమీద రెండంకెలు తుడిచాడు.
ఏమీ అనలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

పెద్ద ముక్కని తలుపు వెనకాల రాయాలి ఇప్పుడు.
సుద్ద రన్సీనాకి ఇచ్చాడు.
అతను చదువుతున్నాడు, ఆమె రాస్తోంది.
"నెమ్మదిగా చదువు" అని కసిరింది,
పదిహేడో అంకె దగ్గర.